రెప్పపని

పొద్దున నాలుగున్నరకు
నా రెండు కండ్లూ ఎవరో కుట్టేసినట్టుంటాయి.
కుట్టు సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ మాట.
బలవంతంగా విప్పితే వెంట్రుకలు ఊడొస్తాయి.
అందుకే గోడ తడుముకుంటూ
పీణ్యాలో మా ఒంటిగది వంటమూలకు చేరతాను.
కుక్కరు మూత మీద వేడెక్కిన కాలరు ముక్కను
మణికట్టుకు ఆనించి చూసి
రెప్పల మీద పరుచుకుంటాను.

ఎక్స్‌పోర్టు కాలరు అది, సరుకు మేలైనది.
ఏదో చలిదేశపు దొర మెడ చుట్టూ ఉండాల్సింది,
సూది బెజ్జం ఒకటి ఎక్కువై నా దగ్గరికొచ్చింది.
"అన్నానికి పెట్టినావా, కంటికి పెట్టినావా కుక్కరు?"
చాప మీంచి ఈరనాగమ్మ.
రెండిటికీ అంటాను.
ఆ పది నిమిషాలూ
బెంగుళూరులో ఎవరూ నాకు టార్గెట్ చెప్పరు.

తర్వాత చంటిపిల్లల షాంపూ ఒక్క చుక్క,
గోరువెచ్చని నీళ్లు, దూదిపుల్ల.
ఒక్కో వెంట్రుక మొదట్లో
చుండ్రులాగా తెల్లటి పొలుసు పట్టుకోనుంటుంది.
చొక్కాకు మిగులు దారాలు తీసినట్టే తీస్తాను.
ఇంట్లోనూ ఫ్యాక్టరీలోనూ ఒకటే పని నాది.

"పూర్తిగా పొయ్యేది కాదమ్మా ఇది.
పళ్లు తోముకుంటావు కదా, అట్లా. రోజూ."
డాక్టరు సగం తెలుగు, సగం కన్నడ.
రెప్పలో నూనె తిత్తులుంటాయంట,
అవి పూడిపోయినాయంట,
కంట్లో తడి నిలవడం లేదంట.
మరి నీళ్లు కారుతానే ఉంటాయి గదా సార్ అన్నాను.
"పొడిబారింది కాబట్టే కారేది" అన్నాడు.
ఆ మాటను యశవంతపురం దాకా బస్సులో నమిలినాను.
హిందూపురం పక్క మా చేలో బోరు కూడా
ఎండిపోయే ముందు వారమంతా
ఎగదన్ని ఎగదన్ని బురదనీళ్లు పోసింది.

ట్యూబులైటు కింద చెకింగు టేబులు.
గంటకు ఎనభై చొక్కాలు.
రెప్ప వేస్తే కుట్టు తప్పిపోతుంది,
వెయ్యకుంటే కన్ను తప్పిపోతుంది.
గాలి నిండా నూగు.
పన్నెండింటికి కంట్లో ఇసుక, మూడింటికి కారం.

ఎర్రబడ్డ కండ్లు చూసి సూపర్‌వైజరు శివలింగు
"మనేలి జగళానా?" అంటాడు గొంతు తగ్గించి.
మంచోడే.
మొదట్లో జబ్బు పేరు చెప్పి, వివరించి, అలిసిపోయేదాన్ని.
ఇప్పుడు ఊ అంటాను.
పాపం, రెండు నిమిషాలు బయటికి పోనిస్తాడు.
కొళాయి పక్కన నిలబడి తల ఎత్తి
కంటికొక చుక్క.
నూటఎనభై రూపాయల సీసా, తెరిస్తే నెలే ఆయుష్షు,
తెరిచిన తారీఖు బాల్‌పెన్నుతో రాసిపెట్టుకున్నాను.
లేని మొగుడితో
వారానికి నాలుగు గొడవలు నాకు.

కంటికి రెప్పలా చూసుకో అనేది మా అవ్వ,
ఏది దాచమని ఇచ్చినా.
జొన్నల గంప, చెల్లెలు, అప్పు కాగితం.
రెప్పను ఎట్లా చూసుకోవాలో మటుకు
ఆమెకూ తెలియదనుకుంటా.
ఆముదం రాసి ఊరుకునేది.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది.
జనరేటరు అందుకోవడానికి ఎందుకో ఆలస్యమైంది.
రెండొందల మిషన్లు ఒక్కసారే నోరు మూసుకున్నాయి.
ఆ చీకట్లో రెప్ప వేసినాను,
పైది కిందిదాన్ని తాకేదాకా, నిండుగా,
డాక్టరు చేసి చూపించినట్టు.
మళ్లీ. ఇంకోసారి.
ఏడోదానికో ఎనిమిదోదానికో
లోపల పలచగా ఏదో జారింది,
ఇస్త్రీకి ముందు చొక్కా మీద
వేళ్లతో చిలకరించే నీళ్లంత.

"మాట్లాడవేమే, నిద్రపోయినావా?"
పక్క టేబులు నుంచి ఈరనాగమ్మ.
లేదే, పనిలో ఉన్నాను.

లైటొచ్చింది.
చేతిలో నలభై మూడో చొక్కా.
మూడో గుండీ కింద
దారం.